పిడుదుల పెట్టె ఎవరి గదిలో?

డేగకన్ను ఇన్‌స్పెక్టరు కళ్ళు కప్పి ఈగ కూడా గది దాటలేదు. ఈ మాట నేను గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలను.

ఆ ఉదయం మాయమైంది ఈగ కాదు. పిడుదులు. పశువుల ఒంటికి కరుచుకుని రక్తం తాగే పురుగులు. సీసాల్లో వేసి, ఐసు పెట్టెలో సర్దినవి.

పట్టింది అడవి వాచర్. అతని భార్య ఆస్పత్రిలో జ్వరంతో కాలిపోతోంది. రక్తపరీక్షలో ఏమీ తేలలేదు. పిడుదుల్ని ల్యాబ్‌లో చూస్తే జ్వరం సంగతి తెలుస్తుందన్నారు డాక్టర్లు. నిన్న సాయంత్రం అతను పెట్టె తెచ్చి సమన్వయ కార్యాలయంలో అప్పగించాడు. అది ల్యాబ్‌కు చేరలేదు, పోలీసు కేసైంది.

"నేనే అమ్ముకున్నానంటున్నారు సార్," అన్నాడు వాచర్.

"పిడుదుల్ని కొనేవాడెవడు పెద్దాయనా? ఉంటే చెప్పు, మా కుక్క మీద బోలెడున్నాయి."

వాచర్ నవ్వలేదు. ఇన్‌స్పెక్టరుకు తన జోకు తనకే చేదుగా తగిలింది.

ఆ కార్యాలయంలో వరసగా మూడు గదులు. అడవి, పశువులు, ఆరోగ్యం. పిడుదుల జ్వరం మీద మూడు శాఖలూ కలిసి పనిచెయ్యాలని పైనుంచి ఉత్తర్వు. కలిసి వాళ్ళు పెట్టుకున్న నియమం ఒక్కటే. నమూనా ఎవరి గదిలో ఉంటే, పంపాల్సిందీ జవాబు చెప్పుకోవాల్సిందీ వాళ్ళే.

"పెట్టె మీకే ఇచ్చాడట?" అడవి గదిలో రేంజరును అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"పిడుదు అడవిలో పుడితే పుట్టుండొచ్చు. తిరిగేది పశువు మీద," అన్నాడు రేంజరు.

"నేనడిగింది పెట్టె."

"నా గదిలో లేదు."

పశువుల డాక్టరమ్మ తలెత్తలేదు. "జ్వరం ఆవిడకొచ్చింది, ఆవుకు రాలేదుగా? నా గదిలో లేదు."

"ఈ పెట్టెలోవి మనిషిని కుట్టేదాకా మాకేం సంబంధం?" అన్నాడు హెల్త్ ఆఫీసరు. "నా గదిలోనూ లేదు."

ఇన్‌స్పెక్టరు వాళ్ళ మొహాలు చూడటం మానేసి నేల చూశాడు. రేంజరు గదిలో, తలుపు వెనక, దుమ్ములో చదరపు మరక. ఆరిపోయింది. డాక్టరమ్మ గదిలో అంతే మరక. చెమ్మగా ఉంది. హెల్త్ ఆఫీసరు బల్ల కింద నీళ్ళు ఇంకా నిలిచే ఉన్నాయి.

ముగ్గుర్నీ వరండాలోకి పిలిచాడు.

"ఇది దొంగతనం కాదు. ఐసు కరిగి కారిన తడి ఇది. రేంజరుగారు నిన్ననే పెట్టెను పక్క గదిలోకి తోయించారు. డాక్టరమ్మ పొద్దున్నే ఆ పక్క గదిలోకి తోయించారు. చివరి గదిలో నీళ్ళు ఇంకా ఆరలేదు. అంటే నేనొచ్చాకే కదిలింది. ఎక్కడికి పంపారు సార్?"

హెల్త్ ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "పోలీసు కేసు కదా... మీ కస్టడీలో ఉంటే మంచిదని... మీ జీపులో పెట్టించాను."

జీపు ఎర్రటి ఎండలో ఉంది. డ్రైవరు పెట్టె మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. వాడు ఇన్‌స్పెక్టరు భార్యకు తమ్ముడు.

"బావా... అదే, సార్! మర్యాదకు కూల్‌డ్రింకులు పెట్టారనుకున్నా. ఇంటికెళ్ళాక అక్కతో కలిసి తాగుదామని..."

ఈగ కూడా దాటలేదన్నాను కదా. ఈగ సంగతి సరే, పెట్టె దాటింది. దాటి ఆయన జీపులోనే కూర్చుంది. నా మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను, అందులో నాకేం సిగ్గు లేదు.

మూత తీశారు. వాసన కొట్టింది. ఎండకు ఉడికి పిడుదులన్నీ కుళ్ళిపోయాయి.

"పనికిరావు," అంది డాక్టరమ్మ, చిన్న గొంతుతో.

వాచర్ ఎవర్నీ తిట్టలేదు. తెల్లగుడ్డ భుజాన వేసుకున్నాడు. గడ్డి మీద ఆ గుడ్డ ఈడిస్తే పిడుదులు అంటుకుంటాయి.

"మళ్ళీ పట్టుకొస్తాను సార్. మీరు ఐసు చూడండి, చాలు."

"ఒక్కడివే ఎందుకు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ముగ్గురు అధికారుల్నీ జీపెక్కించాడు. అడవి అంచున ముగ్గురూ ఒకే గుడ్డ పట్టుకుని గడ్డిలో నడిచారు. పెట్టె నేరుగా ల్యాబ్‌కు వెళ్ళింది. అది ఏ జ్వరమో తేలింది. సరైన మందు పడింది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. అధికారులు జీపెక్కి వచ్చి గుడ్డ పట్టుకోవడం. ఆ వేళ వాళ్ళకు సమన్వయం మీద మీటింగు ఉంది. గుడ్డకు ఒక కొస వాచర్ పట్టాడు, రెండో కొస ఇన్‌స్పెక్టరు పట్టాడు.

మందు పడిన మాట నిజమే. ఆలస్యంగా పడింది. ఆవిడ బతికింది కానీ ఎడమ చెవికి వినికిడి పోయింది. ఇప్పుడు వాచర్ ఆవిడకు కుడివైపున కూర్చుని మాట్లాడతాడు.