బయటి గడియ

ఇది రెండో వరద వచ్చిన ఏడాది జరిగింది. మొదటి వరద నాటికి వడ్రంగికి తొమ్మిదేళ్ళు. రెండోదానికి అరవై ఎనిమిది.

ఊళ్ళో సగం తలుపులు ఆయన చేసినవే. ఆయన ఇంట్లో మాత్రం ఏ తలుపుకీ గడియ లేదు. రాత్రిపూట వీధి తలుపుకి లోపలి నుంచి ఒక బల్ల అడ్డం పెట్టేవాడు. బాత్రూం తలుపుకి అదీ లేదు. తలుపు మీద తువాలు ఉంటే లోపల భార్య ఉన్నట్టు, లేకపోయినా తలుపు మూసి ఉంటే ఆయన ఉన్నట్టు. ఇల్లంతా ఇద్దరే కాబట్టి ఆ చట్టం నలభై ఏళ్ళు నడిచింది.

వరద తీశాక కూతురూ అల్లుడూ మూటలతో వచ్చిపడ్డారు. వాళ్ళ అద్దె ఇంట్లో మోకాటి లోతు బురద. అల్లుడు బస్సు కండక్టరు. బాత్రూంలో తానున్నానని తెలియడానికి దగ్గడం, పాడటం అన్నీ చేసి చూశాడు. చివరికి డ్యూటీ ఈల తీసుకెళ్ళి నిమిషానికోసారి ఊదడం మొదలుపెట్టాడు.

ఆ ఆదివారం పొద్దున కూడా ఈల మోగింది.

"బాబూ, ఇంకా ఎన్ని స్టాపులున్నాయి?" అని అత్తగారు వంటింట్లోంచి అడిగింది. "ఇక్కడ ఆడవాళ్ళం నిలబడి ఉన్నాం."

"నీకు నవ్వులాటగా ఉందా అమ్మా?" అంది కూతురు. "ముప్పై ఏళ్ళు వచ్చినదాన్ని, ఒక కాలితో తలుపు నొక్కిపట్టి స్నానం చేస్తున్నాను. కొంగలా."

"నన్నంటావేం? మీ నాన్ననడుగు. ఇంటికి గడియ లేదు, ఆయనకి గడియ తీరిక లేదు."

వడ్రంగి అరుగు మీద కూచుని ఉలి నూరుకుంటున్నాడు. ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాడు. "తలుపు వడ్రంగి పని. గడియ ఇనప కొట్టువాడి పని."

"మూడో క్లాసు చదివినాయనతో వాదన పెట్టుకోవడం నాదే బుద్ధి తక్కువ," అంది కూతురు. మెల్లగానే అంది, వినపడేంత మెల్లగా.

"పాసయ్యాను కూడా," అన్నాడు ఆయన. సంచీ భుజాన వేసుకుని పనికి పోయాడు. వరద నీటికి ఊళ్ళో తలుపులన్నీ ఉబ్బాయి. చిత్రిక పట్టే మనిషికి చేతినిండా పని.

కూతురు టౌను ఆఫీసులో నక్షలు గీస్తుంది. ఏటి ఒడ్డున ఒకప్పుడు పిల్లల ఆశ్రమం ఉండేది. తల్లీ తండ్రీ లేని పిల్లల్ని అక్కడ ఉంచేవారు. మొత్తం ఏడు కట్టడాలు. మొదటి వరద రెండింటిని తీసుకుపోయింది, రెండో వరద ఇంకో రెండింటిని. మిగిలినవి మూడు: వార్డెను మేడ, వంటశాల, పిల్లలు పడుకునే పొడుగు గది. పిల్లలు పోయాక ఆ గదిని ధాన్యం గోదాం చేశారు. ధాన్యం పోయాక విరిగిన కుర్చీలు పడేశారు. ఎవరొచ్చినా తలుపు మాత్రం మార్చలేదు. గడియ బయట ఉన్న తలుపు అందరికీ పనికొచ్చేదే.

ఇప్పుడు ఊరి పెద్దమనుషులకి పాతవాటి మీద ప్రేమ పొంగింది. పిల్లలున్నప్పుడు అటు తొంగిచూడనివాళ్ళ మనవలు ఒక సంఘం పెట్టారు. పొడుగు గదికి సున్నం వేసి, గోడకి చరిత్ర బోర్డు తగిలిస్తారట. రాసే పని కూతురికి అప్పగించారు. గదులు కొలిచింది. ఆశ్రమం రికార్డులు పెట్టెల కొద్దీ దొరికాయి, అన్నీ చదివింది. సోమవారం ఇచ్చేయాలి.

మామగారు అటు వెళ్ళగానే అల్లుడు బజారుకి పోయి గడియ కొనుక్కొచ్చాడు. బాత్రూం తలుపుకి లోపలి వైపు బిగించాడు. టిక్కెట్లు కొట్టే చెయ్యి కదా, నాలుగు మరల్లో రెండు వంకర పోయాయి. అయినా పడింది. అత్తగారు మూడుసార్లు వేసి తీసి చూసుకుంది. కూతురు రెండు కాళ్ళ మీదా నిలబడి స్నానం చేయడానికి వెళ్ళింది.

వడ్రంగి సరిగ్గా అప్పుడే పెరట్లోకి వచ్చాడు. టక్కుమని గడియ పడిన చప్పుడు విన్నాడు. సంచీ జారవిడిచాడు. తలుపు మీద రెండు చేతులతో బాదడం మొదలుపెట్టాడు.

"తియ్! ఎవరది లోపల? తియ్, తియ్!"

"నేనే నాన్నా! ఏమైంది?"

"ముందు తియ్యవే!"

కూతురు తడి జుట్టుతో, వణుకుతూ బయటికి వచ్చింది. ఏ పామో వచ్చిందనుకుంది. ఆయన ఆమె వంక చూడలేదు. సంచీలోంచి మేకులు పీకే సుత్తి తీసి గడియ కింద దూర్చి ఒక్క ఊపు ఊపాడు. మరలతో సహా ఊడి వచ్చింది. దాన్ని పెరడు దాటేలా విసిరాడు. గోడకి తగిలి అవతల పడకుండా ఇవతలే పడింది.

"మావయ్యా, అది మంచి రకం గడియ," అన్నాడు అల్లుడు. 

"పిచ్చా నీకు?" అంది కూతురు. ఏడుపు, కోపం కలిసిపోయాయి. "నీ ఇల్లని అంత అహంకారమా? నేను నీ కంటికి మనిషినేనా? సాయంత్రం వెళ్ళిపోతున్నాం. బురదలో పడుకుంటాం గాని ఈ ఇంట్లో ఉండం. మళ్ళీ ఈ గడప తొక్కితే అడుగు."

"వెళ్ళండి," అంది తల్లి, భర్త వైపు చూస్తూ. "నేనూ వస్తాను. ఈయన్ని ఈయన తలుపులతోనే కాపురం చేసుకోనీ. చిన్నప్పుడు ఈయన్ని పెంచిన మేనమామని అనాలి. ఆ మహానుభావుడు మా పెళ్ళికే రాలేదు, బుద్ధేం నేర్పుతాడు!"

వడ్రంగి జారవిడిచిన సంచీ తీసుకున్నాడు. అరుగు మీద కూచున్నాడు.

మధ్యాహ్నం అల్లుడు మూటలు కడుతున్నాడు. కూతురు ముందుగదిలో కూచుని బోర్డు మాటలు చివరిసారి సరిచూస్తోంది. పైకి చదివితే తప్పులు దొరుకుతాయని ఆమె అలవాటు. అరుగు మీదికి అంతా వినపడుతోంది.

"తల్లి ఒడిని మరపించే ఈ ఆశ్రమంలో వందలాది బాలురు వృద్ధిలోకి వచ్చారు..."

అరుగు మీద ఒక చిన్న దగ్గు.

"మొదటి వరద సమయంలో వార్డెనుగారు ముందుచూపుతో రికార్డులన్నిటినీ మేడ మీదికి చేర్పించారు. అందువల్లనే ఈ చరిత్ర మనకు దక్కింది. సంస్థకు చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు. పడకగది తలుపుకు గడియ బయటి వైపున కలదు. బాలురు బడికి వెళ్ళిన వేళ వారి వస్తువుల భద్రత కోసం చేసిన ఏర్పాటు ఇది. గడియ మీది సొట్టలు దొంగల ప్రయత్నానికి గుర్తులు."

అరుగు మీంచి నవ్వు వినపడింది. ఆయన నవ్వడం ఆ ఇంట్లో అరుదు. ఆ నవ్వు ఉమ్మేసినట్టుంది.

కూతురు కాగితం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఏం? మూడో క్లాసుకి నా రాతలో తప్పు దొరికిందా?"

"ఏం వస్తువులే?" అన్నాడు. "తలకో గొంగళి, తలకో సత్తు గిన్నె. దానికోసం దొంగ వస్తాడా? వస్తే వాడి బతుకు చూసి మేమే ఏడ్చేవాళ్ళం."

కూతురు కాగితం దించింది.

"మేము అంటే?"

తల్లి కూడా వచ్చి నిలబడింది.

"నాన్నా, మేము అంటే ఎవరు?"

"లోపల ఉన్నవాళ్ళం," అన్నాడు.

అల్లుడు కడుతున్న మూట వదిలేశాడు.

"ఆ గడియ దొంగల కోసం కాదు. పిల్లలు రాత్రి బయటికి పోకుండా. పడ్డాక తెల్లారేదాకా తియ్యరు. ఎవడికేం వచ్చినా సరే. బిగించేటప్పుడు మరలు అందించింది నేనే. బాగా పట్టుకున్నావురా అని వార్డెను వీపు తట్టాడు. సంబరపడ్డాను." ఆయన చేతులు చూసుకున్నాడు. "తెల్లారగట్ల నీళ్ళు వచ్చాయి. గడప కింద నుంచి. అరిచాం. కిటికీ ఊచల్లోంచి మేడ కనపడుతూనే ఉంది. నీ వార్డెనుగారు లాంతరు పట్టుకుని నిలబడ్డాడు. మేడలో పడుకునే పెద్ద కుర్రాళ్ళు నలుగురు ఫైళ్ళు మోస్తున్నారు. ముందుచూపే, కాదనను. కాగితం తడిస్తే పోతుంది. పిల్లలు తడిసినా ఆరతారు."

"నీళ్ళు ఎంతవరకు వచ్చాయి?"

ఆయన మెడ దగ్గర చెయ్యి పెట్టాడు. కాదన్నట్టు తల ఆడించి, చెయ్యి దించి నడుముకి కాస్త పైన పెట్టాడు. తొమ్మిదేళ్ళవాడి మెడ అక్కడే ఉంటుంది.

తల్లి వచ్చి ఆయన పక్కన అరుగు మీద కూచుంది.

"ఎవరు తీశారు?" అంది కూతురు.

"గరిటమ్మ. వంటమనిషి. మంచిదేం కాదు. రెండోసారి గిన్నె చాపితే ఇనప గరిటెతో వేళ్ళ మీద కొట్టేది. అందుకే ఆ పేరు. అసలు పేరు మాకు తెలీదు. అంత నీళ్ళలో పడి వచ్చింది. చెక్క ఉబ్బి గడియ కదల్లేదు. చేతిలో ఇంకేముంటుంది? గరిటెతో కొట్టింది. మమ్మల్ని తిడుతూ కొట్టింది. అది ఊడిందాకా కొట్టింది. తర్వాత మళ్ళీ దాన్నే బిగించారు." కాగితం వైపు వేలు చూపించాడు. "నీ దొంగ ఆవిడే."

కూతురు లోపలికి పరుగెత్తింది. తన సంచీలోంచి పాత రికార్డు ఒకటి తీసింది. పేజీలు తిప్పి, ఒక చోట ఆగి పైకి చదివింది.

"వంటమనిషి ఒకతె తొలగింపు. కారణము: సంస్థ ఆస్తికి నష్టము కలిగించుట."

"నేనిది చూశాను నాన్నా," అంది. "ఏ బియ్యమో ఎత్తుకుపోయి ఉంటుందనుకున్నాను. ఏ బియ్యమో అనుకుని పేజీ తిప్పేశాను."

"రాసినవాడు నీకన్నా ఎక్కువే చదివాడు," అన్నాడు ఆయన. ఇంతకుముందున్న వెటకారం ఆ గొంతులో లేదు.

కూతురు నేల మీద, ఆయన కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది. ఆయనకి ఓదార్చడం చేతకాదు. ఇంకా ఆరని ఆమె జుట్టు మీద చెయ్యి పెట్టి ఉంచాడు.

"మరి ఆ మేనమామ?" అంది భార్య.

"లేడు."

"నలభై ఏళ్ళు! లేని మనిషిని నలభై ఏళ్ళు తిట్టించావయ్యా నా చేత!" అని కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. "ఆశ్రమం పిల్లాడివంటే నేను చేసుకోననుకున్నావా?"

"అనుకున్నాను."

"మా నాన్న ఒప్పుకునేవాడు కాదు గాని, నేను చేసుకునేదాన్ని," అంది ఆమె కోపంగా. అప్పుడు నిజంగానే ఏడ్చింది.

అల్లుడు కట్టిన మూటలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు.

కూతురు తెల్లకాగితం తీసుకుంది. గరిటమ్మ అని మొదటి మాట రాసింది.

"సంఘం పెద్దలు నవ్వుతారే," అన్నాడు వడ్రంగి. "దాతల పేర్లు పైనుండాలంటారు."

"నవ్వనీ. కావాలంటే ఆ పాత అబద్ధం వాళ్ళే సంతకం పెట్టుకుని తగిలించుకుంటారు. నా చేత్తో మాత్రం ఇదే వెళ్తుంది. నువ్వు చెప్పు, నేను రాస్తాను. గరిటె ఎంత పొడుగుండేది?"

ఆయన చేతులు ఎడంగా పెట్టి చూపించాడు. ఆమె టేపు తెచ్చి కొలిచి రాసుకుంది.

మర్నాడు పొద్దున్నే వడ్రంగి పెరట్లో వెతికి ఆ గడియ తెచ్చుకున్నాడు. వంకర తీశాడు. వంటింట్లోకి వెళ్ళి గరిటె తీసుకుని, దాని కాడ మందం తలుపు మీద గీసుకున్నాడు. గడియ లోపలి వైపే బిగించాడు. బయటి నుంచి గరిటె కాడ దూర్చి ఎత్తితే తెరుచుకునేంత సందు ఉలితో తొలిచాడు. గరిటె పెట్టి రెండుసార్లు తీసి చూశాడు. తీసుకెళ్ళి భార్యకి ఇచ్చేశాడు.

తర్వాత తువాలు భుజాన వేసుకుని లోపలికి పోయాడు. తన చేత్తో తానే గడియ వేసుకున్నాడు. చాలాసేపు రాలేదు. బయట కండక్టరు ఈల నోట్లో పెట్టుకుని, ఊదకుండా నిలబడి ఉన్నాడు.