ఇంకా ఏడు నిమిషాలు

ముందే చెప్తున్నా, తింటూ చదవొద్దు. ఆ శనివారం నుంచి నాకు బేకన్, అదే పంది మాంసం, వేగుతున్న వాసన తగిలితే చాలు, బాత్రూమ్‌కి పరిగెడుతున్నా.

అక్టోబర్, మధ్యాహ్నం మూడు. మామూలు రోజే. గరాజ్ తలుపు పైకెత్తి ఉంది, ఎదురింటాయన రాలిన ఆకులు పోగేస్తున్నాడు. లోపల కారు, మా నాన్న డెల్మర్‌ది. అరవైల నాటి రేసు కారుకి నకలు అది. ఇనప గొట్టాల చట్రం, పైన ఫైబర్ తొడుగు, కప్పు లేదు. మా ఒహాయోలో వీధికొకడు ఇలాంటిది కడుతూనే ఉంటాడు. బరువు వెయ్యి కేజీలు ఉంటే గొప్ప. అందుకే అందులో ఎంత ఇంజిన్ పెట్టాలన్నదే ఎప్పుడూ గొడవ.

నేను మూడొందల హార్స్‌పవర్ చాలన్నా. చిన్న 302 ఇంజిన్, అందులో వాల్వులు తెరిచే కామ్ కడ్డీ రోలర్ రకంది, తాళం తిప్పామా పోయామా అన్నట్టుంటుంది. నాకు పదహారేళ్ళే కావచ్చు గానీ పిస్టన్ రింగులు నాన్నకంటే నేనే నీట్‌గా ఎక్కిస్తా, నా మాటకి విలువుంది. నాన్న వింటేగా. ఆయనకి నాలుగొందల ఎనభై కావాలి. ఎందుకంటే రోలిన్ బాబాయ్ బండి నాలుగొందల ఎనభై.

బాబాయ్‌ది కూడా ఇలాంటి నకలు కారే. పోయినేడు ఏప్రిల్‌లో, వాన పడ్డ రోడ్డు మీద, హైవే ఎక్కే వంపులో సరదాగా గట్టిగా తొక్కాడు. వెనక టైర్లు జారాయి, ఎదురుగా సిమెంట్ స్తంభం. ఇంజిన్ వెనక్కొచ్చి ఆయన ఒళ్ళో కూర్చుంది. అంత్యక్రియల్లో పెట్టె మూతే తియ్యలేదు. అప్పట్నుంచి నేను కోరుకునేది ఒక్కటే. నాన్న ఈ కారు నడిపి కూడా ఇంటికి తిరిగి రావాలి. అమ్మ లేదు, ఇప్పుడు బాబాయ్ లేడు, నాకు మిగిలింది ఆయనొక్కడే.

ఆగస్టులో నాన్న ఒక పాత 351 బ్లాక్, అంటే సిలిండర్లుండే ఇంజిన్ దిమ్మ, దింపాడు. తుక్కు యార్డులో దొరికిందన్నాడు. పాత బ్లాక్ ఎవడు తెచ్చినా ముందు మెషిన్ షాపులో ఘాటు మందు నీళ్ళలో ఉడకబెట్టిస్తాడు, లోపలి సందుల్లో ఏళ్ళ నాటి మురికంతా వదలాలి కదా. నాన్న సిలిండర్లు కోయించాడు గానీ ఉడకబెట్టొద్దన్నాడట. షాపు ముసలాయన ఎల్‌వుడ్ నన్ను పక్కకి లాక్కెళ్ళి, "ఆ దరిద్రాన్ని ఉడికించమని చెప్పవే తల్లీ, నా కుక్క దాన్ని చూసి షాపులోకే రావట్లేదు" అన్నాడు. నేను నవ్వేశా. ముసలోడికి చాదస్తం అనుకున్నా.

నాన్నే ఇంట్లో కిరసనాయిలు గుడ్డతో దాన్ని తుడిచాడు. తుడిచినట్టు కాదు. నిమిరినట్టు.

దాని కంపు ఎలా ఉండేదంటే... గోడ వెనక చచ్చిన ఎలుకకి ఎవరో నొప్పుల బామ్ రాసినట్టు. నేను మాస్క్ పెట్టుకుని పనిచేశా. ముందురోజు శుక్రవారం ఇంజిన్ పైభాగం మూసేముందు టార్చ్ వేసి లోపల చూస్తే, సిలిండర్ల వరసల మధ్య గాడిలో రెండు అక్షరాలు గుద్ది ఉన్నాయి. ఆర్, హెచ్. ఇంజిన్ కట్టినోడు కనపడని చోట తన అక్షరాలు గుద్దుకోవడం మావాళ్ళ అలవాటు. రోలిన్ హాబెగర్. అక్షరాల పక్కన సందులో నల్లగా ఎండిపోయి ఏదో పట్టేసి ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే పొలుసులా లేచింది. కింద మెత్తగా ఉంది.

కక్కుకున్నాక వెళ్ళి నాన్నని అడిగా, ఇది బాబాయ్ ఇంజినా అని. ఆయన నా మొహం చూడలేదు.

"కడిగితే వాడు పోతాడు కోరీ," అన్నాడు.

నాకు జాలి రాలేదు, నిజం చెప్తున్నా. అసహ్యమేసింది. తమ్ముడి మీద ప్రేముంటే ఫోటో పెట్టుకుంటారు, ఇలా ఉంచుకుంటారా ఎవరైనా? కానీ నేను రాకపోతే ఒక్కడే స్టార్ట్ చేస్తాడు. అందుకే శనివారం పక్కన నిలబడ్డా.

నాన్న వేసింది పాత రకం కామ్. దానికో రూలుంది. మొదటిసారి స్టార్ట్ చేశాక నిమిషానికి రెండువేల తిరుగుళ్ళ పైనే ఇరవై నిమిషాలు ఆపకుండా తిప్పాలి. మధ్యలో ఆపితే కామ్ అరిగి, ఆ ఇనప రజను ఇంజిన్ అంతా పాకి మొత్తం పాడవుతుందని నాన్న భయం. నేనడిగిన రోలర్‌కి ఈ గోలే ఉండదు. వంటింట్లోంచి గుడ్డు ఆకారం టైమర్ తెచ్చి, ఇరవైకి తిప్పి, మడ్‌గార్డ్ మీద పెట్టా. బానెట్ తీసి ఉంది. నాన్న, గాలీ పెట్రోలూ కలిపి లోపలికి పంపే కార్బ్యురేటర్ పక్కన వంగి, వేగం పెంచే త్రాటిల్ లింకు చేత్తో పట్టుకున్నాడు. తాళం నేను తిప్పా.

ఒక్క తిప్పుకే అందుకుంది. కొత్త ఇంజిన్ అలా అందుకోదు.

మూడో నిమిషంలో పొగ గొట్టాల్లోంచి బామ్ వాసన. బాబాయ్ నమిలే పొగాకు సరిగ్గా అదే వాసన. ఎప్పుడూ బుగ్గన ఉండేది, ఖాళీ కోక్ డబ్బాలో ఉమ్ముతూ తిరిగేవాడు. దానివల్లే నలభైకల్లా పళ్ళన్నీ పీకించుకుని కట్టుడు పళ్ళు పెట్టుకున్నాడు. నేను నాన్న వైపు చూశా. ఆయన కళ్ళు మూసుకుని పీలుస్తున్నాడు. బుగ్గల మీద కన్నీళ్ళు.

ఎనిమిదో నిమిషంలో ఆయిల్ మూత తీసి చూశా. మూత కింద పసుపు తెట్టు. నీళ్ళు కలిస్తే అలాగే పడుతుంది, కొత్తేం కాదు. వేలితో తీశా. అది నురగ కాదు... కొవ్వు. పెనం మీద గడ్డకట్టిన బేకన్ జిడ్డులా ఉంది. అందులో ఎర్రటి పొట్టి వెంట్రుకలు. బాబాయ్ గడ్డం వెంట్రుకలు.

ఆపుదాం నాన్నా అని అరిచా. ఇంకా పన్నెండే అన్నాడు.

పదో నిమిషంలో కార్బ్యురేటర్ ఉమ్మింది. పెట్రోల్ సరిపోనప్పుడు ఇంజిన్ ఉమ్ముతుంది, కానీ మంట ఉమ్ముతుంది. ఇది గోధుమరంగు ఉమ్మి. చిక్కగా, జిగటగా, నాన్న మొహం నిండా. ఆయన తుడుచుకోలేదు. పెదాల మీద పడింది... నాకేశాడు.

థూ.

పదమూడో నిమిషం. నాన్న మొహం మారింది. త్రాటిల్ దగ్గర చెయ్యి లాక్కుంటున్నాడు. రావట్లేదు.

"కోరీ," అన్నాడు మెల్లగా. అంత చప్పుడులోనూ నాకు వినపడింది. "వీడు నా చెయ్యి వదలట్లేదే."

తాళం తీసేశా. ఆగలేదు. వేడెక్కిన ఇంజిన్ తాళం తీశాక రెండు మూడు సెకన్లు కొట్టుకోవడం మామూలే. ఇది కొట్టుకోలేదు. ఇంకా పెరిగింది. బ్యాటరీ వైరు పీకా. ఇంకా పెరిగింది. నాన్న వేళ్ళు లింకు సందులోకి పోతున్నాయి, గోరు లేచిపోతోంది... మిగిలింది ఒకటే దారి. గాలి ఆపాలి.

అట్టముక్క కోసం చూశా. లేదు.

అరచేయి తెరిచి కార్బ్యురేటర్ నోటి మీద నొక్కేశా.

లోపలికి పీల్చింది. చర్మం గుంటలా దిగింది. ఇంజిన్ గొంతు పట్టుకున్నట్టు గురగుర... తగ్గింది... ఇంకా తగ్గింది... అప్పుడు అరచేతికి కింద నుంచి ఏదో తగిలింది. వెచ్చగా, తడిగా, గరుకుగా.

నాలుక.

నిదానంగా నాకింది. మణికట్టు నుంచి వేళ్ళ దాకా. రుచి చూస్తున్నట్టు.

తర్వాత ఇంజిన్ ఆగింది. నాన్న కింద పడ్డాడు. రెండు గోళ్ళు పోయాయి, అంతే, మనిషి బతికాడు. టైమర్ కూడా ఆగిపోయింది, ఏడు దగ్గర. నా అరచేతిలో పొగాకు తుంపులు. ఎదురింటాయన ఇంకా ఆకులు పోగేస్తూనే ఉన్నాడు.

ఆదివారం ఫిల్టర్ కోశాం. మొదటి రన్ తర్వాత ఆయిల్ ఫిల్టర్ కోసి, లోపలి కాగితం మడతలు విప్పి ఇనప రజను ఉందేమో చూడాలి. రజను లేదు. ఒక్క మిల్లీగ్రాము లేదు. ఆరో మడతలో పన్ను ఉంది.

నాన్న దాన్ని పెట్రోల్‌లో కడిగాడు. ముద్దు పెట్టుకోబోయి ఆగాడు.

"రోలిన్‌కి పళ్ళే లేవు కదా," అన్నాడు.

నేను తీసుకుని చూశా. ముందు పన్ను. కింది మూల చిన్న ముక్క విరిగి ఉంది. నాకు ఏడో క్లాసులో స్పానర్ తగిలి ముందు పన్ను విరిగింది, సరిగ్గా అదే మూల, అంతే ముక్క. నాలుకతో తడుముకున్నా. నా పన్ను నా నోట్లోనే ఉంది. నాన్నకేం చెప్పలేదు.

బ్లాక్ తీసేద్దాం అంటే వినట్లేదు. ఈ శనివారం మిగతా ఏడు నిమిషాలూ తిప్పేస్తే వాడు శాంతిస్తాడు అంటున్నాడు. బ్యాటరీ తీసి నా మంచం కింద దాచా. టైమర్ మాత్రం ముట్టుకోలేదు, మడ్‌గార్డ్ మీదే వదిలేశా. సోమవారం చూస్తే ఐదు మీద ఉంది. మంగళవారం నాలుగు.

ఇవాళ గురువారం. రెండు మీద ఉంది. పొద్దున బ్రష్ చేస్తుంటే నా ముందు పన్ను కదిలింది, నోరంతా బామ్ రుచి.