చేయి మారిన అలసట

పప్పుకు పోపు వేస్తుండగా సుభాషిణి చేతిలోంచి గరిటె మళ్లీ జారిపడింది. పొద్దుటి నుంచీ పెద్దగా చేసిన పనేమీ లేదు. అయినా భుజాలు లాగేస్తున్నాయి, కళ్లు మూతలు పడుతున్నాయి. తన ఒంట్లో ఎవరో కూర్చుని గొడ్డుచాకిరీ చేస్తున్నట్టుంది. కిటికీ అవతల, కాకినాడ తీరానికి దూరంగా సముద్రం మీద కట్టిన తేలియాడే నగరం ఎండలో మెల్లగా ఊగుతోంది.

ఆమె మణికట్టుకు నీలంరంగు పట్టీ ఉంది. దాని పేరు శ్రమవాహిని. పని ఒత్తిడికి కుప్పకూలినవాళ్ల కోసం కనిపెట్టిన సాధనం. రోగి మెడవెనుక అమర్చిన న్యూరల్ చిప్ అతని నాడుల్లో పుట్టే అలసటను పట్టి, పట్టీలు కట్టుకున్న ఇంటివాళ్ల నాడుల్లోకి పంపుతుంది. అలసట ఎక్కడికీ పోదు, పంపకమవుతుందంతే. ఆ తేలికలో రోగి విశ్రాంతి తీసుకుని కోలుకోవాలి.

సుభాషిణి భర్త చక్రపాణి సముద్రగర్భంలో ఖనిజాలు తవ్వే రోబోలను నడిపే ఇంజనీరు. పోయిన వర్షాకాలంలో కంట్రోల్ గదిలో తన పేరు తనకే గుర్తురాక కూలబడ్డాడు. ఇంటికి తెచ్చాక నెలల తరబడి గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. చూడలేక సుభాషిణి, అత్తగారు తాయారమ్మ చెరో పట్టీ కట్టుకున్నారు. ఆ తర్వాత అతను అన్నం తిన్నాడు, మాట్లాడాడు, నవ్వాడు కూడా.

కోలుకుంటున్నకొద్దీ అలసట తగ్గాలి కదా. పెరుగుతోందేమిటి?

భయమేసి డాక్టర్ మెహరున్నీసాకు ఫోన్ చేసింది. "పట్టీ పాడైందేమోనండీ. ఆయన బానే ఉన్నారు. నాకే ఒంట్లో ప్రాణం లేనట్టుంది."

డాక్టర్ తన తెర మీద పట్టీ లెక్కలు చూసింది. "పట్టీ బాగానే ఉందమ్మా. పాత అలసట ఎప్పుడో తీరిపోయింది. ఇది కొత్తది, ఇవాళ్టిది. ఆయన ఇప్పుడేం చేస్తున్నారు?"

"గదిలో పడుకున్నారండీ."

"వెళ్లి చూడండి."

సుభాషిణి తలుపు తోసింది. మంచం ఖాళీగా ఉంది. చక్రపాణి గాలిలో వెలిగే తెరల మధ్య కూర్చుని రెండు చేతులా రోబోలను నడుపుతున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ముక్కులోంచి కారిన రక్తం చొక్కా మీద ఎండిపోయింది. అతనికి ఆ సంగతే తెలీదు.

"ఏవండీ! ఏంటిది?"

"ఎంత చేసినా అలుపే రావట్లేదు సుభా! మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?"

"మీకు రావట్లేదు. మాకొస్తోంది!"

"ఈ ఒక్క తవ్వకం అయిపోనీ," అన్నాడు తల తిప్పకుండానే.

ఆమె తన పట్టీ లాగిపారేసింది. ఒళ్లు ఒక్కసారిగా తేలికైంది. ఇప్పుడతను చతికిలబడతాడని చూసింది. అతని వేళ్లు ఆగలేదు. పక్కగదిలో ఏదో దబ్బున పడిన చప్పుడైంది.

"అత్తయ్యా!"

బరువంతా ఆ ముసలి ప్రాణం మీదే పడింది. తాయారమ్మ నేలమీద పడి ఉంది, ఊపిరి అందీ అందనట్టుంది. సుభాషిణి ఆవిడ పట్టీ ఊడదీసింది. మెల్లగా ఊపిరి కుదుటపడింది. అప్పుడు వినిపించింది, అవతలి గదిలోంచి మూలుగు.

చక్రపాణి గోడ పట్టుకుని ఈడ్చుకుంటూ వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. "సుభా, ఒళ్లంతా విరిగిపోతోంది. నాకేదో అయిపోతోంది."

"ఏమీ కాదు. అలసట, అంతే. ఇప్పుడైనా పడుకోండి. అన్నం కలిపి పెడతాను, పక్కనే కూర్చుంటాను."

"ఒక్క గంట పట్టీ కట్టుకోవా? ఆ కాస్తా ముగించేస్తాను."

నేలమీంచి తాయారమ్మ చేయి చాచింది. "వాడు బాధపడుతున్నాడే అమ్మాయ్. నా పట్టీ నాకిచ్చెయ్యి."

సుభాషిణి పట్టీని గట్టిగా పిడికిట్లో దాచుకుంది. ఇద్దరిలో ఒక్కరూ ఆమె ముఖంలోకి చూడలేదు. చూపులన్నీ పిడికిలి మీదే ఉన్నాయి. తన ఇంటి మనుషులను చూసి ఆమెకు మొదటిసారి భయమేసింది.

చక్రపాణి మళ్లీ మూలిగాడు. పట్టీ పట్టుకున్న తన వేళ్లు తనకు తెలియకుండానే వదులవుతున్నాయని గమనించి, సుభాషిణి బిగుసుకుపోయింది.