మూడు బారల ఎముక

ఎముకను యంత్రంలోకి దించడానికి ఆరుగురు పట్టారు. అది రాయి అయిపోయిన ఎముక, అందులోనూ తొడ ఎముక. "మెల్లగా... ఎడమవైపు ఇంకొంచెం ఎత్తండి" అంటూ డాక్టర్ ఫరీదా పక్కనే నడిచింది. అద్దం గోడకు ఇవతల హాలు నిండా కూర్చున్న జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. మొదటి వరుసలో ఉన్న పరాంకుశానికి కొత్తగా బిగబట్టే పని లేకపోయింది. పొద్దున్నుంచీ ఆయనకు ఊపిరి సరిగా ఆడితే కదా!

నగరం చివర కొత్తగా కట్టిన శిలాజ పరిశోధన కేంద్రం అది. యంత్రం పేరు 'మోత'. పేరు పెట్టింది ఫరీదాయే. యంత్రం ఏం చేస్తుందో ఆవిడ అంతకుముందే జనానికి విప్పి చెప్పింది.

"ఎముక అంటే సున్నపు కట్టె కాదండీ. బతికున్నన్నాళ్ళూ తన మీద పడే బరువును బట్టి తనను తాను కూల్చుకుని మళ్ళీ కట్టుకుంటూ ఉంటుంది. బస్తాలు మోసే హమాలీ వెన్నెముక వేరు, కుర్చీలో కూర్చునే నా వెన్నెముక వేరు. జంతువు చచ్చి, కోట్ల ఏళ్ళు మట్టిలో ఉండి, ఎముక రాయిగా మారినా లోపల ఆ కట్టుబడి గీతలు కొన్ని మిగులుతాయి. మోత వాటిని చదువుతుంది. ఈ కాలు ఎంత బరువు మోసిందో, ఎలా నడిచిందో, ఎంత వయసులో ఆగిపోయిందో చెబుతుంది. చెప్పి ఊరుకోదు, వెలుగుతో ఆ జంతువును నిలువెత్తున మీ ముందు నిలబెడుతుంది."

చెప్పినదాన్ని జనం ఎంతవరకు విన్నారో అనుమానమే. వచ్చినవాళ్ళంతా 'బల్లి బ్యాచ్' వాళ్ళు. రాక్షసబల్లుల పిచ్చివాళ్ళు తమకు తామే పెట్టుకున్న ముద్దు పేరది. చూసిన డాక్యుమెంటరీలే మళ్ళీ చూడటం, ఆడిన గేములే మళ్ళీ ఆడటం, ఏ బల్లి ఎంత పొడుగు, ఎంత బరువు అని తెల్లవార్లూ కొట్టుకోవడం వాళ్ళ పని. సొంత తమ్ముడి పుట్టినరోజు మరిచిపోతారు గానీ ఏ బల్లి తోకలో ఎన్ని వెన్నుపూసలో మరిచిపోరు.

"ఈకలు చూపిస్తుందంటావా?" అన్నాడు వెనక వరుసలో ఒకడు.

"బారలయ్యకు ఈకలేంట్రా, ఆయనేమన్నా నాటుకోడా?"

"గేమ్‌లో వాడి ఒక్క తోక దెబ్బకు నా టీమంతా పోయింది. ఇవాళ కళ్ళారా చూస్తా."

బారలయ్య! ఆ పేరు వినబడ్డప్పుడల్లా పరాంకుశం కుర్చీలో ఒకింత కిందికి జారుతున్నాడు. ఎందుకంటే బారలయ్యను పుట్టించింది ఆయనే.

పదేళ్ళ కిందట ఆయన ప్రాణహిత ఒడ్డున నల్లరేవు అనే పల్లెకు వెళ్ళాడు, మొదటి డాక్యుమెంటరీ తీద్దామని. అక్కడ పడవ నడిపే బెస్త లస్మయ్యకు ఒడ్డు కోసుకుపోయినచోట ఒక పెద్ద ఎముక కనబడిందని విన్నాడు. ఈయన చేరేలోపే వరదకు ఎముక మళ్ళీ ఏట్లో కలిసిపోయింది. మిగిలింది లస్మయ్య మాట ఒక్కటే. నడి ఏట్లో, హోరుగాలిలో, పడవ మీదే ఆ మాట రికార్డు చేశాడు. "తొడబొక్క ఒక్కటే మూడు... ఉంటది బిడ్డా. నడుమ ఇరిగి అతికిన బుడిపె గూడ ఉన్నది" అన్నాడు ముసలాయన. చేతులతో చూపించి ఉంటే పీడ పోయేది. ఆయన రెండు చేతులూ గడ మీద ఉన్నాయి. పరాంకుశం చెవికి మూడు 'బార'లని వినబడింది.

బార అంటే రెండు చేతులూ బార్లా చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు, అంటే ఆరడుగులు. మూడు బారలంటే పద్ధెనిమిది అడుగుల తొడ ఎముక! డాక్యుమెంటరీలో పరాంకుశం తన గంభీరమైన గొంతుతో ఆ మాట అనగానే బల్లి లోకం ఊగిపోయింది. లెక్కలు మొదలయ్యాయి. ప్రపంచంలో ఏ బల్లీ మన బల్లి మోకాలికి రాదన్నారు. ఐదువందల టన్నులన్నారు. బారలయ్య అని పేరు పెట్టుకున్నారు. గేమ్ వచ్చింది, టీషర్టులు వచ్చాయి, పరాంకుశం 'అంకుశ్ అన్న' అయ్యాడు.

పండితులు మాత్రం పగలబడి నవ్వారు. అంత బరువుకు ఆ కాళ్ళే నుజ్జయిపోతాయన్నారు. టీవీ చర్చలో ఒకాయన, "తీసినవాణ్ణి అనడమెందుకు, ఆ పడవాయన కోతలు కోశాడు, ఈయన నమ్మాడు" అని తేల్చేశాడు. పరాంకుశానికి ఆ మాట ఎంత హాయిగా ఉందో! తప్పు తన నెత్తి మీద నుంచి దిగిపోయింది. దిగి ఎవరి నెత్తినెక్కిందో ఆయన చూడలేదు.

అది లస్మయ్య నెత్తినెక్కింది. రేవులో పడవెక్కినవాడల్లా "తాతా, ఇయ్యాల పడ్డ చేప ఎన్ని బారలు?" అని అడగడం మొదలుపెట్టాడు. ముసలాయన మొదట్లో తగువుపడ్డాడు, తర్వాత మాట్లాడటం మానేశాడు, చివరికి పడవే మానేశాడు. పోయినప్పుడు కూడా ఊళ్ళో "బారల లస్మయ్య పోయిండట" అనే అనుకున్నారు.

ఈ సంగతంతా పరాంకుశానికి చెప్పింది లస్మయ్య మనవరాలు జమున. మంచిర్యాలలో బ్యాంకు ఆఫీసరు, తనూ బల్లి బ్యాచ్‌లో మనిషే. ఒకరోజు గ్రూపులో అందరి ముందూ రాసింది: "మా తాత మూర అన్నడు సార్, బార అనలే. ఇంట్ల వంద సార్లు చెప్పిండు. మీరు తప్పు విన్నరు."

మూరంటే మోచేతి నుంచి వేలి కొస దాకా, అడుగున్నర. బారలో నాలుగోవంతు. ఎముక నాలుగోవంతుకు తగ్గితే జంతువు బరువు నాలుగోవంతుకు తగ్గి ఊరుకోదు. పొడుగు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కాబట్టి అరవైనాలుగో వంతుకు పడిపోతుంది. అంటే ఐదువందల టన్నుల బారలయ్య ఎనిమిది టన్నుల జంతువైపోతాడు. లోకంలో అలాంటివి బోలెడున్నాయి.

పరాంకుశం ఆ రోజు ఇచ్చిన జవాబు బల్లి బ్యాచ్‌లో ఇప్పటికీ సామెతలా తిరుగుతోంది. "పూలు కొలిచే మూరతో డైనోసార్లను కొలవకండి తల్లీ!" వందలమంది నవ్వారు. జమునకు 'మూర మేడం' అని పేరు పడింది. మల్లెపూల బొమ్మలు పంపి పంపి ఆమెను గ్రూపు నుంచి సాగనంపారు.

అంతా నవ్వుకుంటుండగా పరాంకుశం పాత రికార్డింగు తీసి, గాలి హోరు తగ్గించి విన్నాడు. మూర. మళ్ళీ విన్నాడు. మూరే, సందేహం లేదు. ఆయన చేసిందల్లా ఆ రికార్డింగును తుడిచేయడం. ఆ తర్వాత ఎన్ని సన్మానాలు జరిగినా ఆయన శాలువా కింద తేలు కుట్టిన దొంగలాగే కూర్చున్నాడు.

ఇప్పుడు ప్రాణహితలో ఇసుక తోడుతుంటే ఎముక బయటపడింది. నడుమ విరిగి అతికిన బుడిపెతో సహా. చూడ్డానికి పొట్టిగా ఉన్నా, మిగతాది ఏట్లోనే ఉండిపోయిన విరిగిన ముక్క ఇదని బల్లి బ్యాచ్ నమ్మకం. దాన్ని ఈ కేంద్రానికి చేర్పించింది జమునే. అదే మొదటి వరుసలో, ఆ చివర కూర్చుని ఉంది. పరాంకుశం అటు తల తిప్పలేదు.

దీపాలు తగ్గాయి. మోత సన్నగా గుర్రుమంది. ముందు గాలిలో ఎముక వెలిగింది, దాని మీద కండ అల్లుకుంది, పక్కన ఇంకో కాలు, తర్వాత పొట్ట, మెడ, తోక. చూస్తుండగానే ఒక జంతువు హాలు మధ్యలో నిలబడింది. బస్సు కంటే కొంచెం పొడుగుంది. పొడవాటి మెడ మీద చిన్న తల. ఎడమ వెనక కాలు కుంటుకుంటూ నాలుగడుగులు వేసి, నొప్పి తగ్గడానికన్నట్టు ఆగింది. దాని పక్కన అంకెలు వెలిగాయి: ఎనిమిది టన్నులు. ముసలి వయసు.

పరాంకుశానికి తల కొట్టేసినట్టయింది. అయితే, ఆశ్చర్యం, ఎక్కడో లోపల చల్లగా కూడా అనిపించింది. అయిపోయింది, ఇక దాచేదేం లేదు అనుకున్నాడు.

అప్పుడు వెనక నుంచి ఎవడో అరిచాడు. "పిల్ల! ఇది బారలయ్య పిల్ల!"

హాలు ఒక్కసారిగా లేచింది. "అవున్రా, పిల్లే!" "పిల్లే ఇంతుంటే తండ్రి ఎంతుండాలి!" ఈలలు, చప్పట్లు. తాము పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

"పిల్ల కాదు," అంది ఫరీదా మైకులో. "ఎదిగే జంతువు ఎముకలో గీతలు ఎడంగా ఉంటాయి. ఎదుగుదల ఆగిపోయాక పైపొరలో ఒకదాని మీద ఒకటి దగ్గర దగ్గరగా పడతాయి. ఇది బాగా ముసలిది. ఇంతకంటే పెరిగేది కాదు."

"యంత్రం కొత్తది కదా మేడం, పొరపాటు పడొచ్చు," అన్నాడు ఒక పెద్దమనిషి ఎంతో మర్యాదగా. "అంకుశ్ అన్నను చెప్పమనండి!" అన్నారు తక్కినవాళ్ళు. "అన్నా! అన్నా!"

మైకు చేతులు మారుతూ పరాంకుశం దగ్గరికొచ్చింది. ఆయన లేచాడు. అప్పుడు మాత్రం జమున వైపు చూశాడు. ఆమె కోపంగా ఏం లేదు, ఎదురుచూస్తోంది. అదే భరించలేకపోయాడు.

"ఇది పిల్ల కాదు," అన్నాడు. ఆ గొంతు ఎన్నో ఇళ్ళలో పిల్లలను నిద్రపుచ్చిన గొంతు. "బారలయ్య అనేవాడే లేడు. లస్మయ్యగారు మూడు మూరలన్నారు. నేను బారలని విన్నాను. ఆ తర్వాత నా తప్పు నాకు తెలిసింది. తెలిసీ రికార్డింగు తుడిచేశాను. ఆయన కోతలు కోయలేదు. అబద్ధం నాది. నేను సిగ్గుపడుతున్నాను."

తర్వాత మూడో వరుసలో ఒకడు కళ్ళు తుడుచుకుంటూ లేచి చప్పట్లు కొట్టాడు.

"చూశారా అన్న మనసు! పోయిన పెద్దమనిషి పరువు నిలబెట్టడానికి నింద తన మీద వేసుకుంటున్నాడు!"

"కాదురా, నిజంగానే..."

"అన్నా, నువ్వు చెప్పకు! మాకు తెలుసు!"

"రికార్డింగు నేనే తుడిచేశానంటుంటే!"

"కాదనడానికి ఆధారం లేదు కదా, ఏ నిందైనా మోస్తాడు మా అన్న!"

హాలు దద్దరిల్లింది. ఆయన 'కాదు' అన్నకొద్దీ చప్పట్లు పెరిగాయి. ఆయన విసుగ్గా మైకు కింద పెడితే అది కూడా గొప్పతనమే అయింది. ఫరీదా యంత్రం పక్కన నిలబడి, ఎవరూ చూడని అంకెల వైపు చూస్తూ ఉండిపోయింది. కుంటి జంతువు జనం మధ్య ఇంకో రెండడుగులు వేసింది. పిల్లలు దాని కాళ్ళ మధ్య నుంచి పరుగులు తీస్తూ "బుజ్జి బారలయ్య" అని కేకలు పెట్టారు. గేమ్ కంపెనీ ప్రతినిధి అప్పుడే ఫోనులో ఎవరికో ఆ పేరు చెబుతున్నాడు.

పరాంకుశం ఎలాగో జనాన్ని తప్పించుకుని వరండాలోకి వచ్చాడు. జమున అక్కడ ఆటో కోసం చూస్తోంది.

"అమ్మా," అన్నాడు. "నేను నిజమే చెప్పాను."

"తెలుసు సార్. నాకొక్కదానికే తెలుసు." ఆమె గొంతు పెద్దది చేయలేదు. "మా తాత ఉన్నదున్నట్టు చెప్తే కోతలన్నరు. మీరు అబద్ధమాడిన్నని చెప్తే దేవుడన్నరు. ఇగ నన్నేం చెయ్యమంటరు?"

ఆయన రెండు చేతులూ జోడించబోయాడు. ఈలోగా తలుపులు తోసుకుని కుర్రకారు వచ్చేసి, ఆయన భుజాల మీద చేతులు వేసి, చుట్టూ దండలా నిలబడ్డారు. అందులో ఒకడు ఫోను తీసి జమున చేతిలో పెట్టాడు. ఆమె ఎవరో వాడికి తెలియదు.

"అక్కా, ప్లీజ్, అన్నతో ఒక ఫోటో తీయవా?"

జమున ఒక్క క్షణం ఆ ఫోను వైపు చూసింది. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, అందరూ పట్టేలా ఎత్తి పట్టుకుంది.

"నవ్వండి సార్," అంది.

ఏళ్ళ తరబడి ఫోటోలకు అలవాటైన ముఖం. ఆయన వద్దనుకుంటుండగానే నవ్వేసింది.