పేషంట్ తాలూకు ఎవరు?

వరహాలు స్ట్రెచర్ మీద పడుకొని అప్పటికి ఏడు నిమిషాలైంది. చెమటలు కారిపోతున్నాయి. నొప్పి ఎడమ దవడ దాకా పాకిందని రెండుసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ క్యాజువాలిటీ బల్ల వెనకున్న గుమస్తా అదే ప్రశ్న వేశాడు.

"పేషంట్ తాలూకు ఎవరు?"

"ఎవరూ లేరండి. ఒక్కణ్ణే వచ్చాను."

"ఒక్కడివే ఎలా వస్తావయ్యా? చీటీ ఎవరు రాయించుకొస్తారు? రక్తం ల్యాబ్‌కి ఎవరు పట్టుకెళ్తారు? సంతకం ఎవరు పెడతారు? ఉండు, మీవాళ్ళెవరైనా వస్తారేమో చూద్దాం."

గుమస్తా చెడ్డవాడు కాదు. స్ట్రెచర్‌ని ఎండ తగలకుండా గోడవారకు జరిపించాడు కూడా. తాలూకు మనిషి లేని రోగిని ఏం చెయ్యాలో అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే. వరహాలుకు పదకొండు వేల జవాబులు నేర్పారు. నొప్పి ఎప్పుడు మొదలైంది, షుగర్ ఉందా, పొగ తాగుతావా, అన్నిటికీ తడుముకోకుండా చెప్పగలడు. ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం 'ఎవరూ లేరు' తప్ప వేరే జవాబు అతనిలో పెట్టలేదు. అవును, పెట్టడమే. వరహాలు మనిషి కాదు, యంత్రం.

ఆ యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ కుముదిని ఆస్పత్రి గేటు బయట, కిటికీలు మూసిన ఒక వ్యాన్‌లో కూర్చొని స్క్రీన్ చూస్తోంది. లోపలికి వెళ్ళి "నేనున్నాను" అనడానికి ఆమెకు అరనిమిషం పట్టదు. కానీ పరిశీలకులు జోక్యం చేసుకోకూడదన్న నియమం ఉంది. ఆ నియమం రాసింది కూడా ఆమే.

అసలు ఈ యంత్రం ఎందుకో చెప్పాలి. ఏ దేశంలో వైద్యం బాగుంది, ఏ దేశంలో బాగాలేదు అని పోల్చడం చూడ్డానికి సులువే కాని, చేసినవాళ్ళకే తెలుస్తుంది ఆ తలనొప్పి. ఒక దేశంలో ముసలివాళ్ళు ఎక్కువ, ఇంకో దేశంలో పడుచువాళ్ళు ఎక్కువ. ఒక దేశం ప్రతి చావునూ రాసిపెడుతుంది, ఇంకో దేశం సగమే రాస్తుంది. ఆస్పత్రి మొహమే చూడకుండా జనం ఇళ్ళలో పోయే దేశంలో, కాగితాల ప్రకారం ఆస్పత్రి చావులు తక్కువ! అలాంటి లెక్కలతో ర్యాంకులు ఇస్తే కింద పడ్డ దేశం ఒప్పుకోదు, పైకెక్కిన దేశానికి సిగ్గుండదు. నూరేళ్ళ నుంచీ ఇదే వరస.

కుముదిని ఆలోచన చిన్నది. దేశాలు వేరైనా రోగి ఒక్కడే అయితే? ఒకే వయసు, ఒకే గుండె, ఒకే నొప్పి. అలా నూట ముప్పై ఒక్క యంత్రాలు తయారయ్యాయి. సిలికాన్ చర్మం, వెచ్చటి నెత్తురు, ఈసీజీకి దొరికే గుండెపోటు, లోపల నాలుగు వందల పన్నెండు సెన్సార్లు. చర్మం రంగు, భాష, పేరు ఆయా దేశాలవి. 2061లో ఒకే రోజు, ఎక్కడికక్కడ ఉదయం తొమ్మిది గంటలకు, నూట ముప్పై ఒక్క జిల్లా ఆస్పత్రుల్లో దిగాయి. ప్రభుత్వాలు ఒప్పుకొన్నాయి, ఆస్పత్రులకు మాత్రం తెలియదు. మూడు గంటల్లో సరైన ఇంజెక్షన్ పడితే యంత్రం బతుకుతుంది. పడకపోతే గుండె పంపు ఆగిపోతుంది. అప్పుడు ఆ దేశం పేరు పట్టికలో అన్నిటికన్నా అడుగున చేరుతుంది.

రోగితో పాటు మరో యంత్రాన్ని, భార్యగానో అన్నగానో పంపిద్దామా అని కమిటీలో ఎవరో అడిగారు. కుముదిని ఒప్పుకోలేదు. "ఎవరూ లేని మనిషికి ఏం దొరుకుతుందో అదే అసలు వైద్యం" అంది. అందరూ బల్లలు చరిచారు. మాట గొప్పదే. అయితే ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. కుముదిని ముప్పయ్యేళ్ళుగా ఒక మంచు దేశంలో ఒంటరిగా ఉంటోంది. ఆ కమిటీ సమావేశానికి మూడేళ్ళ ముందు ఆమెకు కడుపులో గడ్డ తీశారు. అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి అన్న గడిలో ఏం రాయాలో తోచక తన ఆఫీసు నంబరే రాసింది. ఆపరేషన్ అయ్యాక ఆస్పత్రివాళ్ళు ఆ నంబరుకు ఫోన్ చేశారు. ఖాళీ గదిలో అది మోగి మోగి ఆగిపోయింది. కోలుకొని ఆఫీసుకు వెళ్ళిన రోజు, "ఆపరేషన్ సవ్యంగా జరిగింది, రోగి క్షేమం" అని ఫోన్‌లో రికార్డయి ఉన్న కబురును ఆమే విన్నది.

ఆ మంచు దేశంలో దిగిన యంత్రానికి పదకొండో నిమిషానికే ఇంజెక్షన్ పడిపోయింది. అక్కడివాళ్ళు దానితో మొత్తం నలభై మూడు మాటలు మాట్లాడారు.

ఇక్కడ గంటా ఇరవై నిమిషాలు గడిచినా స్ట్రెచర్ కదల్లేదు. కుముదిని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. తను పుట్టిన దేశం తన కళ్ళ ముందే పరీక్ష తప్పుతోంది. అంతకన్నా, యంత్రమని తెలిసి కూడా, ఆ గోడవారన దిక్కులేకుండా పడున్న మనిషిని చూస్తుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

"ఇదిగో, ఆఖరిసారి అడుగుతున్నాను. పేషంట్ తాలూకు ఎవరండీ?" గుమస్తా ఈసారి వరండా అంతా వినపడేలా అరిచాడు.

"నానున్నాను బాబూ!"

వరండా చివర్నుంచి ఒకావిడ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకొని పరిగెత్తుకొచ్చింది. యాభై దాటిన మనిషి. పేరు నూకరత్నం. జీడిపిక్కలు కొట్టి కొట్టి నల్లబడ్డ వేళ్ళు.

"నువ్వేమవుతావమ్మా?"

"అక్కని రాసుకోండి."

"మొన్న ఆరో నంబరు ముసలాయనకి కూతుర్నన్నావు."

"ఆయనకి కూతురు కావాలి, ఈయనకి అక్క కావాలి. నీకెందుకు బాబూ, రాయి, మడిసి సెమటలు కక్కతన్నాడు!"

గుమస్తా నవ్వి రాసుకున్నాడు. ఇక అక్కడి నుంచి ఆస్పత్రి పరుగు పెట్టింది. స్ట్రెచర్‌ను ఒకవైపు ఆయా పట్టుకుంటే రెండోవైపు నూకరత్నం తోసింది. రక్తం సీసా చేత్తో పట్టుకొని ల్యాబ్‌కు వెళ్ళింది, అక్కడ వరసలో ముందుకు దూరి నలుగురితో తిట్లు తిన్నది. ఈసీజీ కాగితం తెచ్చి డాక్టరు మొహం ముందు పెట్టి "సూడండి బాబూ, సూసి ఎల్లండి" అని దారికి అడ్డం నిలబడింది. మధ్యలో ఖాళీ దొరికినప్పుడల్లా వరహాలు పక్కన కూర్చొని అతని ఎడమ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది.

"భయపడకు నాయనా. అక్కున్నాది కదా."

రెండు గంటల నలభై నిమిషాలకు ఇంజెక్షన్ పడింది. వరహాలు బతికాడు. వ్యాన్‌లో కుముదిని పైకే "అమ్మయ్య" అనేసింది. వినడానికి పక్కన ఎవరూ లేరు.

స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలతో ఒక గమనిక కనిపించింది. "ఎడమ అరచేతిలో ముప్పై మూడు డిగ్రీల వేడి, ఆగి ఆగి ఒత్తిడి, బొటనవేలి కుదురు దగ్గర గట్టి కాయ రాపిడి. కారణం తెలియదు. సెన్సార్ లోపం కావచ్చు." మిగిలిన నూట ముప్పై దేశాల్లో ఇంత సేపు ఇలాంటి లోపం ఎక్కడా రాలేదు.

పరీక్ష ముగిసింది కాబట్టి కుముదిని లోపలికి వెళ్ళింది. నూకరత్నం వార్డు బయట గట్టు మీద కూర్చొని నీళ్ళు తాగుతోంది.

"ఆయన మీకు నిజంగా తమ్ముడా?"

"ఎవురో తెలీదమ్మా."

"మరెందుకు ఇంత తిరిగారు?"

నూకరత్నం సీసా మూత బిగించింది. "నాలుగేళ్ళ కిందట మా ఆయన్ని ఈ వార్డులోనే పెట్టారు. తొమ్మిది రోజులు కదల్లేదు నాను. పదో రోజు పొద్దున్న తలకి నీళ్ళోసుకొద్దావని ఇంటికెళ్ళేను. ఆ గంటలోనే ఆయనకి ముదిరిపోయింది. 'పేషంట్ తాలూకు ఎవరు, పేషంట్ తాలూకు ఎవరు' అని మూడు సార్లు అరిసేరంట. ఎవులూ పలకలేదంట." చీర కొంగుతో మూతి తుడుచుకుంది. "అప్పట్నించి ఎవులు అరిసినా పలుకుతున్నాను."

కుముదిని గట్టు మీద ఆమె పక్కన కూర్చుంది.

"మీ తాలూకు ఎవరమ్మా లోపల?" అని నూకరత్నమే అడిగింది.

"ఎవరూ లేరు" అంది కుముదిని. ఆ ప్రశ్న తనను ఒకరు అడగడం ముప్పయ్యేళ్ళలో అదే మొదటిసారి.

ఆ సాయంత్రం కుముదిని మనుషులు వచ్చి వరహాలును తీసుకుపోయారు. పెద్దాస్పత్రికి మార్చామని నూకరత్నానికి చెప్పారు. ఏ ఆస్పత్రి అని ఆమె అడిగింది. ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

కమిటీ సమావేశంలో మన దేశం ఫలితం దగ్గర చర్చ ఆగింది. నూకరత్నం సంగతంతా ఉన్న కుముదిని నివేదిక చదివి, అధ్యక్షురాలు మర్యాదగానే అడిగింది.

"ఆవిడ మీ ఆరోగ్య వ్యవస్థలో ఉద్యోగా?"

"కాదు."

"శిక్షణ పొందిందా? ఏ రికార్డులోనైనా ఆవిడ పేరుందా?"

"లేదు. కానీ ఆవిడ లేకపోతే..."

"అదే నేనూ అంటున్నాను డాక్టర్. ఆవిడ తలకి నీళ్ళోసుకోవడానికి వెళ్ళిన రోజున మీ రోగి పరిస్థితి ఏమిటి?"

కుముదిని కాగితం ముందుకు లాక్కుంది. ఆమె శాస్త్రజ్ఞురాలు. నూకరత్నాన్ని తీసేసి లెక్క కడితే మూడు గంటల దగ్గర వరహాలు గుండె ఆగిపోయింది. మన దేశానికి నూట ముప్పై ఒకటో స్థానం. ఇకపై ఏ పరీక్షలోనైనా బయటి మనిషి కనిపిస్తే మార్కుల్లో కోత వెయ్యాలని తీర్మానం. కుముదిని సంతకం పెట్టింది. "సెన్సార్ లోపం" అని గుర్తుపెట్టిన ఆ ఎడమ చేతి రికార్డును మాత్రం చెరిపెయ్యడానికి మనసొప్పక, పేరు పెట్టకుండా ఒక మూల దాచింది.

దేశమంతా గగ్గోలు పుట్టింది. ఒక రకంగా మంచిదే అయింది. స్ట్రెచర్లు వాటంతటవే నడవడం మొదలుపెట్టాయి. రక్తం గొట్టాల్లో ల్యాబ్‌కు పోయింది. మందులు మంచం దగ్గరికే వచ్చాయి. గుండెపోటు చావులు సగానికి సగం తగ్గాయి, ఇందులో అబద్ధం లేదు. ఇక బయటి మనిషి కనిపిస్తే మార్కులు పోతాయి కాబట్టి, కనిపించకుండా చెయ్యడానికి అధికారులు తమకు తెలిసిన సులువైన మార్గం పట్టారు. గేటు మూసేశారు. రోగి ఒక్కడే లోపలికి. మనం ఎనిమిదేళ్ళలో ఆరో స్థానానికి ఎక్కాం.

కుముదిని రిటైరై, వరహాలు పరీక్ష జరిగిన ఆ సముద్రపు ఊరికే వచ్చి ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకుంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. బహుశా, ఎవరో ఆమెను ఒక మాట అడిగిన ఊరు ప్రపంచంలో అదొక్కటే.

అరవై నాలుగో ఏట, ఒక పొద్దున కాఫీ గిన్నె స్టవ్ మీద ఉండగా ఆమెకు నొప్పి దవడ దాకా పాకింది. ఆ లక్షణం ఆమెకు తెలియనిది కాదు. అంబులెన్స్ నాలుగు నిమిషాల్లో వచ్చింది. గేటు దగ్గర అది ఒక్క క్షణం ఆగినప్పుడు అద్దంలోంచి చూసింది. బయట కానుగ చెట్టు కింద నూకరత్నం కూర్చొని ఉంది. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. లోపలికి వెళ్ళే ప్రతి బండినీ తలెత్తి చూస్తోంది.

లోపల అంతా చకచకా జరిగిపోయింది. తొమ్మిదో నిమిషానికి ఇంజెక్షన్ పడింది. కుముదిని మాత్రం ఒక ప్రశ్న కోసం చెవులు రిక్కించుకొని పడుకుంది. నర్సు వచ్చి స్క్రీన్ చూసి వెళ్ళిపోబోయింది.

"నా తాలూకు ఎవరో అడగలేదేమ్మా?"

"ఆ గడి తీసేశారు కదా మేడమ్. ఇప్పుడు అవసరం లేదు."

"బయట చెట్టు కింద ఒకావిడ ఉంటుంది. నూకరత్నం. ఒక్క ఐదు నిమిషాలు పిలవండి."

"ఆవిడా? రోజూ వస్తుంది మేడమ్. వాళ్ళ తమ్ముణ్ణి ఏ ఆస్పత్రికి మార్చారో చెప్పమంటుంది. అలాంటి రోగి మా రికార్డుల్లో ఎవరూ లేరు." నర్సు గొంతు తగ్గించింది. "లోపలికి రానిస్తే మన మార్కులు పోతాయి. రూల్ కింద మీ సంతకమే ఉందట కదా, ట్రైనింగ్‌లో చెప్పారు. మీకు బెంగగా ఉంటే ఇది పెడతానుండండి. ప్రపంచంలో ఇంకే దేశంలోనూ లేదు. దీంతోనే మూడో ర్యాంకు వస్తుందంటున్నారు."

మంచం పక్క కమ్మీలోంచి ఒక చెయ్యి మెల్లగా బయటికి వచ్చింది. సిలికాన్ చెయ్యి. అది కుముదిని ఎడమ చేతిని పట్టుకుంది.

ముప్పై మూడు డిగ్రీల వేడి. ఆగి ఆగి ఒత్తిడి. బొటనవేలి కుదురు దగ్గర, జీడిపిక్కలు కొట్టినవాళ్ళకు ఉండే గట్టి కాయ. ఆ కాయ ఎందుకో అర్థంకాక, ఎక్కడో మూల దొరికిన పేరులేని రికార్డులో ఉంది కదా అని, తయారుచేసినవాళ్ళు అలాగే ఉంచేశారు.

కుముదిని ఆ చేతిని గుర్తుపట్టింది. లోకంలో ఆ చెయ్యి ఎవరిదో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఆ చెయ్యి గల మనిషి రెండు వందల అడుగుల దూరంలో, ఎవరైనా అరిస్తే పలకాలని కూర్చొని ఉంది. లోపల అరిచేవాళ్ళు లేరు.

"అక్కా" అంది కుముదిని, నెమ్మదిగా, ఎవరికీ వినపడకుండా. ఆమె నాడి పెరిగింది. యంత్రం అది గమనించి, తనకు నేర్పినట్టే, ఆమె చేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.