సదయ్య తాత ఎడమచేతి వల

"గదే! గా పెద్దదే ఇయ్యి కాకా!"

లక్ష్మీనగర్ బజారులో గాలాలు, వలలు అమ్మే దుకాణం ముందు నిలబడి సంతోషి వేలు చూపించింది. గాలానికి పడ్డ చేపను నీళ్లలోంచి ఎత్తడానికి వాడే చేతివలలు అక్కడ పది దాకా వేలాడుతున్నాయి. సంతోషి చూపించింది అన్నిటికంటే పెద్దది. అందులో రెండేళ్ల పిల్లవాణ్ణి హాయిగా పడుకోబెట్టొచ్చు.

దుకాణం ఎల్లేశం దాన్ని కిందికి దించలేదు.

"ఎవలికి బిడ్డా?"

"మా తాతకు."

"తోడు ఎవలన్న పోతరా? ఒక్కడే పోతడా?"

"ఒక్కడే పోతడు. మస్తు పెద్ద చేపలు పడతడు!"

"ఒక్కడే అంటే ఒక చేతిల గాలం కట్టె, ఇంకో చేతిల వల ఉండాలె. మరి గింత పెద్దది..."

"నాకు గదే కావాలె కాకా."

పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పక్క కొట్టులో కూరగాయలు ఏరుతున్న అమ్మ వచ్చేలోపే వల సంతోషి భుజం మీదికి ఎక్కింది.

సంతోషికి అంత తొందర ఎందుకో చెప్పాలి. వాళ్ల తాత సదయ్య ముప్పై నాలుగేళ్లు భూమి అడుగున బొగ్గు ఎత్తాడు. రిటైరయ్యాక గాలం పట్టాడు. రోజూ పొద్దున్నే గోదావరి బ్యాక్‌వాటర్ ఒడ్డున తనకిష్టమైన బండ మీద ఒక్కడే కూర్చుంటాడు. పోయిన వారం చేపను చేత్తో అందుకోబోయి వంగాడు. కాలు జారింది. నీళ్లు మోకాళ్ల లోతే కాబట్టి లుంగీ నిండా బురదతో బయటపడ్డాడు.

సంతోషి నాన్న ప్రశాంత్ ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో డంపర్ నడుపుతాడు. సంగతి తెలిసి భగ్గుమన్నాడు.

"ఇగ గాలం బంద్ బాపు! నువ్వు నీళ్ల కాడ ఒక్కనివే ఉంటే నాకు డ్యూటీల ఫికర్ అయితది."

తాత గాలం మూలన పెట్టాడు. రెండు రోజులు వాకిట్లో ఊరికే కూర్చున్నాడు. చాయ్ ఇస్తే చల్లారేదాకా తాగలేదు. ఆ మనిషిని అలా చూస్తుంటే సంతోషికి అన్నం దిగలేదు. నాన్నకూ దిగలేదు. చివరికి నాన్నే మెత్తబడ్డాడు.

"ఒక వల తెచ్చుకో. ఆదివారం ప్లే డే కదా, నేనే వచ్చి చూస్త. వంగకుంట పట్టినవా, నీ ఇష్టం. లేదంటే గాలం అటక మీదికే."

గనుల్లో పనిచేసేవాళ్లు వారం సెలవును ప్లే డే అంటారు. అందుకే ఆ వారమంతా ఆ ఇంట్లో ఆదివారం మాటే. వల తెచ్చే పని నాదేనని సంతోషి ఎగిరి గంతేసింది.

వలను చూసి తాత కళ్లు పెద్దవి చేశాడు.

"అబ్బో! గిండ్ల నన్నే పట్టొచ్చు గదనే!"

"నచ్చిందా తాతా?"

"మస్తుగున్నది బిడ్డా."

దసరా సెలవులు కాబట్టి మర్నాడు పొద్దున సంతోషి కూడా తాత వెంట వెళ్లింది. గంట సేపు నీళ్ల మీద తేలే బెండు కదల్లేదు. ఆ తర్వాత ఒక్కసారిగా మునిగింది. కట్టె విల్లులా వంగింది. కుడిచేత్తో కట్టె బిగించి పట్టుకుని, తాత ఎడమచేత్తో వల అందుకున్నాడు.

అక్కడే వచ్చింది చిక్కు. ఆ వల నీళ్లలోకి దిగింది కానీ మళ్లీ పైకి లేవలేదు. తాత ఎడమచేతికి రెండు వేళ్లు ముడుచుకోవు. ఎప్పుడో గనిలో పైకప్పు రాయి పడి అలా అయింది. పిడి చేతిలో గిర్రున తిరిగింది. దాన్ని ఆపబోయి తాత ముందుకు వంగాడు.

"తాతా!"

సంతోషి దిగ్గున లేచింది. ఒక్క ఉరుకున వచ్చి వల లాక్కుంది. చేప అటు పోతే అటు, ఇటు పోతే ఇటు వలతో వెంటపడింది. వల అంచు వెళ్లి దారానికి తగిలింది. దారం పుటుక్కున తెగింది. చేప గోదావరిలోకి, గాలం చేపతో పాటు!

"నువ్వు గట్టిగ పట్టుకోలే తాతా!" అని సంతోషి అరిచింది.

"అవు బిడ్డా. నాదే తప్పు. వల మంచిదే," అన్నాడు తాత.

ఆయన పక్కకు తిరిగి కూర్చుని, సంతోషి చూడడం లేదనుకుని ఎడమ మణికట్టు నిమురుకున్నాడు. సంతోషి చూసింది.

మెల్లగా లేచి వల దగ్గరికి వెళ్లింది. కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడమచేత్తో వలను నీళ్లలో ముంచి ఎత్తింది. అందులో చేప కూడా లేదు. అయినా మోచెయ్యి గజగజ వణికింది.

"తాతా, గింత బరువున్నదని ఎందుకు చెప్పలే?"

తాత నవ్వాడు. "బొగ్గు తట్టలు మోసినోన్ని. వల బరువైందంటే నలుగురు నవ్వరా? గదీగాక, నువ్వు ముచ్చటపడి తెచ్చినవ్."

సంతోషికి ఏడుపొచ్చింది. దుకాణంలో ఎల్లేశం కాక అడుగుతూనే ఉన్నాడు. తను వినలేదు. ఆ పెద్ద వల భుజాన వేసుకుని కాలనీలో నడవాలని తనకే సరదా వేసింది. తాత చెయ్యి అసలు గుర్తే రాలేదు.

కళ్లు తుడుచుకుని జడకున్న రిబ్బన్ విప్పింది.

"తాతా, నువ్వు రోజు కూసున్నట్టే కూసో. వంగకు. ఎడమచెయ్యి చాపు."

తాత చేతి నుంచి నీళ్ల దాకా రిబ్బన్ వదిలి, నీళ్లు తగిలినచోట కొలతకు ముడి వేసింది. ఆ సాయంత్రం పెద్ద వలతో పాటు తాతను కూడా దుకాణానికి లాక్కెళ్లింది.

"కాకా, గిది మార్చియ్యవా? గా అన్నిటికంటే చిన్నది చూపియ్యి."

ఎల్లేశం చిన్నది తీసి ఇచ్చాడు. అది పావు కిలో బరువు కూడా లేదు. కానీ రిబ్బన్ పక్కన పెట్టి చూస్తే పిడి సగానికే వచ్చింది. దాంతో చేప పట్టాలంటే తాత మళ్లీ వంగాల్సిందే. సంతోషి దాన్ని పక్కన పెట్టి, రిబ్బన్‌కు సరిపోయేవి నాలుగు ఏరింది.

"ఏదైతేంది బిడ్డా, అన్నీ మంచియే," అన్నాడు తాత.

"నువ్వు మాట్లాడకు తాతా. నీ చెయ్యి చెప్తది."

ఒక్కొక్కటే తాత ఎడమచేతికి ఇచ్చి, మణికట్టు వంకే చూసింది. మొదటిదానికి వణికింది. రెండోదాని పిడి తిరిగింది. మూడోదాని పిడికి రబ్బరు తొడుగు ఉంది. మూడు వేళ్లతోనే తాత దాన్ని ఒడిసి పట్టాడు. చెయ్యి నిమ్మళంగా ఉంది.

"ఇగో, గిదీ!" అన్నాడు తాత, తనకు తెలియకుండానే.

ఎల్లేశం పకపకా నవ్వాడు. "బిడ్డ హుషారే సదన్నా!"

శనివారం తాత ఒడ్డున కూర్చుని సంతోషికి వల పట్టడం నేర్పాడు. "వల ముందుగాల నీళ్లల పెట్టాలె. పెట్టి ఊకోవాలె. చేప ఎన్కాల వల ఉరుకద్దు. ఉరికితే ఏమైతదో నీకు తెల్సు కదా?"

"దారం తెగుతది," అంది సంతోషి, తల దించుకుని.

ఆదివారం నాన్న వచ్చాడు. చేతులు కట్టుకుని తాత వెనకే నిలబడ్డాడు. సంతోషి కొంచెం దూరంగా కంకర మీద కూర్చుంది. ఎండ ఎక్కుతుండగా బెండు మునిగింది.

చేప పెద్దదే. తాత కాళ్లు బండకు ఆనించి, వలను నీళ్లలోకి దించి కదలకుండా ఉంచాడు. చేప వల దాకా వచ్చి గిరుక్కున తిరిగిపోయింది. నాన్న గబుక్కున అడుగు ముందుకేశాడు.

"డాడీ, ఆగు!" అంది సంతోషి. "తాతను పట్టనియ్యి."

అంది కానీ, ఆమె ప్రాణమూ కొట్టుకుంటోంది. వెళ్లి వల అందుకోవాలని రెండు చేతులూ తహతహలాడుతున్నాయి. ఇక లాభం లేదని వాటిని తొడల కింద పెట్టుకుని గట్టిగా కూర్చుంది.

చేప మళ్లీ వచ్చింది. మళ్లీ పోయింది. తాత వల కదపలేదు. మూడోసారి అలిసిపోయి, తల ముందుగా వల మీదికి వచ్చింది. తాత పిడిని మెల్లగా తన వైపు లాక్కున్నాడు. వంగలేదు. జారలేదు. మూడు కిలోల రవ్వ చేప బండ మీద టపటపా కొట్టుకుంది!

నాన్న వంగి చేప బరువు చూశాడు. తర్వాత తాత వైపు తిరిగాడు.

"ఫోన్ జేబుల పెట్టుకుని పో బాపు. గంతే."

తాత ముఖం వెలిగిపోయింది. "సంతోషీ! గంత దూరం కూసున్నవేందే? ఇటు రా, చూడు!"

అప్పుడు గానీ సంతోషి చేతులు బయటికి తీయలేదు. ఉరికొచ్చి తాత మెడ చుట్టూ వేసింది.

"ఏందే, అరచేతులల్ల గీ గుంటలు?" అన్నాడు తాత, కంకర రాళ్ల అచ్చులు చూసి.

"ఏం లేదు తాతా," అంది సంతోషి. "నువ్వు పడుతుంటే చూసిన."