చివరి గది గొట్టంలో చప్పుడు

మా కనుమ కింద ఆసుపత్రిలో, రెండో అంతస్తు చివరి గది పేరెత్తితే చాలు, రాత్రి డ్యూటీ వాళ్ళకి చేతిలో టీ గొంతు దిగేది కాదు.

ఆ గదిలోంచి చప్పుడు వచ్చేది. గదులు వెచ్చగా ఉండడానికి గోడల వెంట పోయే వేడినీళ్ళ ఇనప గొట్టాల్లో — టంగ్... టంగ్... కాసేపు ఏమీ ఉండదు. పోయిందిలే అనుకునేసరికి మళ్ళీ — టంగ్.

కల్మత్ అని లారీ డ్రైవరు. కనుమ మీద బండి బోల్తాపడి, ఆ గదిలోనే పోయాడు. పోయినా గదిని వదల్లేదన్నారు. దానికి తాళమేసి విరిగిన మంచాలు పడేశారు. ఆ తర్వాత ఎన్నో చలికాలాలు ఏ అలికిడీ లేదు.

ఈ చలికాలం తాళం తీశారు. అంతే... మళ్ళీ మొదలు!

తీయించింది హెడ్ నర్సు తాజీఖాన్. ఎందుకు తీయించిందో వింటే మీకూ ఒళ్ళు మండుతుంది. నర్సు బూరుల్‌కి మండింది. నేను విన్నది ఆ బూరుల్ నోటివెంటే. చెబుతున్నంతసేపూ పళ్ళు కొరుకుతూనే ఉంది.

సగిన్ అని గుర్రాల సంతలో బేరగాడు. ఆయన కేకేస్తే సంతకి అవతలి కొసన ఉన్నవాళ్ళు వెనక్కి తిరిగేవాళ్ళు. అలాంటి మనిషికి గొంతు వాచి, మెడకి కంత పెట్టి, అందులో వెండి రంగు గొట్టం దింపారు. కొన్నాళ్ళు ఊపిరి మిషన్ మీద ఉన్నాడు. తర్వాత తనంతట తనే ఊపిరి తీసుకోవడం మొదలెట్టాడు. కానీ ఆ ఊపిరి నోటిదాకా రాదు కదా, మెడ దగ్గరే వెళ్ళిపోతుంది. కంత మీద వేలు పెట్టుకుంటే తప్ప మాట రాదు. అరుపు అసలే రాదు.

“దగ్గుతాడు, గురగురమంటాడు, పక్కవాళ్ళకి నిద్ర లేదు. చివరి గదిలో వెయ్యండి” అంది తాజీఖాన్.

“అంత దూరంలోనా? కఫం అడ్డుపడితే ఎవరు చూస్తారు ఎజే?” అంది బూరుల్. మాలో పెద్దక్కని అలాగే పిలుస్తాం. కోపమొచ్చినా అంతే.

“మిషన్ లేకుండా పీల్చుకుంటున్నాడుగా! ఇంకేం కావాలట?”

“పీల్చుకుంటున్నాడు కాబట్టే చూసుకోవాలి! మిషన్ ఆగితే మిషనే కూతపెడుతుంది. ఈయన ఆగిపోతే ఎవరు పెడతారు కూత? ఆ గదిలో నర్సుని పిలిచే గంట కూడా పనిచెయ్యదు.”

“కరెంటు మనిషి వసంతానికి వస్తాడు.”

“ఈయన ఊపిరి వసంతందాకా ఆగుతుందా?”

“నీతో వాదించే తీరిక నాకు లేదమ్మా” అని తాజీఖాన్ వెళ్ళిపోయింది. గోడకి చెప్పినట్టే అయింది.

ఇక బూరుల్ డ్యూటీ ఉన్న రాత్రి తిరుగుడే తిరుగుడు. గొట్టం లోపల ఇంకో సన్న గొట్టం ఉంటుంది. దాన్ని తీసి కడిగి మళ్ళీ పెట్టాలి. కఫం లాగాలి. గొట్టం నోటి మీద తడి గుడ్డ వెయ్యాలి. మా వేడినీళ్ళ గొట్టాలు గదిలో గాలిని పీల్చి పిప్పి చేస్తాయి, ఆ ఎండుగాలికి కఫం పెచ్చు కడుతుంది. అందుకని దుప్పట్లు తడిపి ఆ గొట్టాల మీద ఆరేసేది. పొద్దున్నకల్లా ఆయా సాల్కిన్ వాటిని తీసి మడతపెట్టేది.

“తడికి జలుబు చేస్తుందే పిల్లా.”

“ఆయన ముక్కుతో పీల్చడం లేదు ఎజే! మెడతో పీలుస్తున్నాడు!”

“మెడకి మాత్రం జలుబు చెయ్యదా?”

ఏం చెప్పాలి ఇలాంటి వాళ్ళకి? నెత్తి కొట్టుకోవడం తప్ప.

సగిన్ ఒకసారి కంత మీద వేలు పెట్టుకుని గుసగుసగా అన్నాడు: “నువ్వు లేని రాత్రి... ఎవరూ రారమ్మా.”

అడిగితే అందరూ ఒకటే మాట — వెళ్తున్నాం, చూస్తున్నాం. ఆ వెంటనే గొంతు తగ్గించి కల్మత్ కథ ఎత్తుకుంటారు. మళ్ళీ కొడుతున్నాడే, రాత్రంతా కొట్టాడే, దెయ్యం పోవాలని సాల్కిన్ గది ముందు అర్చ చెట్టు కొమ్మల పొగ వేసిందే... బూరుల్ నవ్వి కొట్టిపారేసేది. ఆమె డ్యూటీలో ఆ చప్పుడు ఒక్కసారీ వినబడలేదు మరి.

ఆ రాత్రి మంచు కురుస్తోంది. కనుమ మీద బస్సు జారింది. దెబ్బలు తగిలినవాళ్ళతో ముందు వార్డు నిండిపోయింది. కుట్లు, కట్లు, ఏడుపులు... బూరుల్‌కి చివరి గదికి వెళ్ళే సందే దొరకలేదు. వెళ్ళాలి, వెళ్ళాలి అని మనసు పీకుతూనే ఉంది.

అప్పుడు కరెంటు పోయింది.

ఆ చీకట్లో — టంగ్.

బూరుల్ చేతిలో కట్టు గుడ్డ ఆగిపోయింది.

టంగ్... టంగ్...

“విన్నావా?” సాల్కిన్ ఆమె చెయ్యి పట్టుకుంది. “అటు చూడకు. పలక్కు. నేను పొగ వేసే వచ్చాను, కాసేపట్లో అదే పోతుంది.”

“ఎక్కడ వేశావు పొగ?”

“గదిలోనే. ఈసారి గుమ్మం దగ్గర కాదు, లోపలికే పళ్ళెం పెట్టి, తలుపు బిగించి వచ్చా.”

బూరుల్ టార్చి లాక్కుని పరుగెత్తింది. ఆ వరండా అంత పొడుగుందని ఆమెకి ఎన్నడూ తెలీదు. భయం వేసిందా అంటే, వేసిందనే చెప్పింది. ప్రతి టంగ్‌కీ వెనక్కి తిరిగిపోదామనిపించిందట.

టంగ్... 

ఆ తర్వాత... ఏమీ లేదు. ఆగిపోయింది.

తలుపు తోసింది. పొగ కళ్ళలో కొట్టింది. మంచం అంచున మనిషి ఒరిగిపోయి ఉన్నాడు. ఒక చెయ్యి ఇనప గొట్టం దాకా చాచి ఉంది. ఆ చేతిలో... టీ చెంచా.

పెదాలు నల్లబడ్డాయి. మెడ దగ్గర తడి గుడ్డ ఎండి అట్టకట్టింది. దాన్ని పీకేసి, లోపలి గొట్టం లాగింది. ఆ గొట్టం నోరంతా పెచ్చు. కరెంటు లేదు. కాలితో తొక్కే పంపు మూలనుంటే ఈడ్చుకొచ్చి తొక్కుతూ కఫం లాగింది. “పీల్చండి బాబాయ్, పీల్చండి, ఎక్కడికీ పోవద్దు!” అని ఏడుస్తూ తిట్టింది, తిడుతూ లాగింది.

ఈలకొట్టినట్టు సన్నగా గాలి లోపలికి పోయింది. మళ్ళీ ఒకటి. ఆయన ఛాతీ లేచింది.

ఊపిరి కుదురుకున్నాక సగిన్ వేలు కంత మీద పెట్టుకున్నాడు.

“పిలుస్తున్నా... రోజూ... ఇలాగే.”

బూరుల్ ఆ చెంచా పట్టుకుని వరండాలోకి వచ్చింది. ముందు వార్డు దాకా వినబడేలా అరిచింది.

“దెయ్యమట దెయ్యం! మనిషే! గొంతు లేని మనిషి చెంచాతో పిలుస్తుంటే పొగ వేస్తారా? పిలిచినకొద్దీ పారిపోతారా? సిగ్గు లేదూ!”

సాల్కిన్ గోడకి జారబడి కింద కూలబడింది.

“బూరుల్...” అంది మెల్లగా. “కల్మత్ మెడలోనూ ఆ గొట్టం ఉండేది.”

“ఏమిటీ?”

“ఆ చప్పుడు... ఆయన పోయాక మొదలవ్వలేదే. పోయేముందు రాత్రుళ్ళే విన్నాం. భయపడి రేడియో పెంచుకున్నాం. నిజం... రాత్రంతా మోగిన ఆ రేడియోని పొద్దున్నే నేనే ఆపాను. అప్పటికి చప్పుడూ లేదు, ఆయనా లేడు.”

బూరుల్ చెంచా పట్టుకునే సగిన్ దగ్గరికి వెనక్కి నడిచింది.

ఆ రాత్రే సగిన్ మంచాన్ని నర్సుల బల్ల ఎదురుగా వేయించింది. తాజీఖాన్ పొద్దున వచ్చి మొహం మాడ్చుకుంది, కానీ మంచాన్ని అక్కడే ఉండనిచ్చింది. చివరి గదికి మళ్ళీ తాళం పడింది. తాళంచెవి బూరుల్ జేబులో. కథ ఇక్కడితో అయిపోవాలి నిజానికి.

కానీ ఆ నెలలోనే బొగ్గు అయిపోయి బాయిలర్ చల్లారింది. గొట్టాలు మంచులా ఉన్నాయి. నీళ్ళు కదలడం లేదు, చప్పుడు చెయ్యడానికి వాటిలో ఏమీ లేదు. బూరుల్, సాల్కిన్ బల్ల దగ్గర కోట్లు కప్పుకుని టీ తాగుతున్నారు. సగిన్ నిద్రపోతున్నాడు.

చివరి గది వైపు నుంచి —

టంగ్.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

టంగ్... టంగ్...

బూరుల్ చెయ్యి తాళంచెవి మీదికి వెళ్ళింది. అంతలో ఏదో తోచి, వరండా వైపు కాదు... సగిన్ వైపు తిరిగింది.

రెండు చేతులూ దుప్పటి కిందే ఉన్నాయి. చెంచా బల్ల మీదుంది. మెడ మీద తడి గుడ్డ కదలడం లేదు.

ఆమె ఒక్క గెంతులో మంచం దగ్గరుంది. పిలవకుండానే సాల్కిన్ పంపు లాక్కొచ్చింది. లోపలి గొట్టం తీస్తే, వేలెడు పెచ్చు దాంతోపాటే ఊడివచ్చింది. సగిన్ ఒళ్ళంతా ఎగిరిపడేలా దగ్గి, ఊపిరి తీసుకున్నాడు.

గొట్టాల్లో చప్పుడు ఆగిపోయింది.

ఈసారి సాల్కిన్ అర్చ కొమ్మల జోలికి పోలేదు. వరండా చివరిదాకా నడిచి వెళ్ళి, తాళం వేసిన తలుపు మీద అరచెయ్యి ఆనించింది.

“వచ్చాం నాయనా” అంది. “ఈసారి వచ్చాం.”